ఇరుసు లేని చక్రం

మే 4

ఒసేయ్ బొంగరం,

ఉత్తరం చూసి కంగారుపడకు. మీ కొండమీద ఫోను పలకదు కాబట్టి రాస్తున్నాను, అంతే. అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమిటని నవ్వుకుంటావు. స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. ఎందుకో చెబుతాను.

కళ్ల డాక్టరు దగ్గరికెళ్లాను. కంటి వెనక తెర నడిమధ్యలో పాడైపోతోందట. చుట్టూ బాగానే ఉంది, నడుమే పోతోంది. పోయింది తిరిగి రాదట. మిగిలింది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. మనిషిని ఎదురుగా చూస్తే చెవులు కనిపిస్తున్నాయి, ముక్కు కనిపించడం లేదు. మొన్న మీ అత్తయ్యతో, "నీ ముక్కు ఏమైందే?" అన్నాను. "పోతే పోయిందిలెండి, దాని మీదుండే కోపం కూడా పోయుంటుంది," అంది. అని వంటగదిలోకెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

ఏడవడానికి కాదు ఈ ఉత్తరం. నాకు ఒకే ఒక్క కోరిక ఉంది. నువ్వు ఆ వేధశాలలో డ్రైవరుగా చేరిన రోజు నుంచీ, శనిగ్రహం చుట్టూ వలయం ఉంటుంది మావయ్యా, మా మేడం పెద్ద టెలిస్కోపులో చూపించింది మావయ్యా అని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నావు. ఆ వలయాన్ని నా కళ్లతో నేను చూడాలి. ఈ నడుమ చూపు పూర్తిగా పోకముందే చూడాలి. ఇన్నేళ్లూ బండ్ల కింద పడుకుని చక్రాలూ గేర్లూ విప్పినవాణ్ణి, ఆకాశంలో ఉన్న చక్రాన్ని చూడకపోతే ఎలా? జనమంతా శని వదలాలని మొక్కుకుంటుంటే మా మహానుభావుడు ఎదురెళ్లి చూస్తానంటున్నాడని మీ అత్తయ్య వీధి వీధంతా చెబుతోంది.

ఎప్పుడు రమ్మంటావో రాయి. మీ రోడ్డు ఏ బండి పడితే ఆ బండి ఎక్కే రోడ్డు కాదన్నావు కదా. నీ బండి ఒంట్లో ఎలా ఉందో అది కూడా రాయి.

నీ గ్రీజు మావయ్య

*

మే 19

గ్రీజు మావయ్యా,

నీ ఉత్తరం స్టీరింగు మీద పెట్టుకుని చదివాను. రెండు కాగితాలు రాసి చింపేశాను. కన్ను ఎలా ఉన్నా నువ్వు వస్తున్నావు, అంతే. మేడంను అడిగాను. వానలు వెళ్లిపోయి, ఆకాశం కడిగినట్టయ్యాక, అక్టోబరు మొదట్లో రమ్మంది. అప్పుడు శని పొద్దుగూకగానే పైకెక్కి ఉంటాడట.

నేను మొదటిసారి చూసిన రోజు సంగతి నీకు సరిగ్గా చెప్పనే లేదు. బళ్లో పుస్తకంలో చూసిన బొమ్మలాగే ఉంటుందనుకుని నిచ్చెన ఎక్కాను. కన్ను పెట్టాను. మావయ్యా, అది బొమ్మ కాదు. నిజంగా అక్కడ ఉంది! నల్లటి చీకట్లో, ఏ ఆసరా లేకుండా, వలయంతో సహా నిలబడి ఉంది. కిందికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. రొట్టెల బుట్టలు దించాల్సినదాన్ని, ఆ సంగతే మర్చిపోయాను.

ఇక బండి గురించి. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టే ఈ రాళ్ల రోడ్డు ఎక్కుతోంది. పాత టైర్లు గుండులా నున్నబడిపోతే పోయిన వారమే నాలుగూ కొత్తవి వేయించాను. ముందు 225, వెనక 255. వెనకవి పెద్దవి. చూడ్డానికి ఛాతీ విరుచుకున్న పహిల్వానులా ఉంది. నువ్వు చూస్తే మెచ్చుకుంటావు.

అత్తయ్య ముక్కును అడిగానని చెప్పు.

బొంగరం

*

మే 30

ఒసేయ్, నీకు మతి ఉందా?

మెచ్చుకుంటానా? నాలుగు చక్రాలూ లాగే బండికి ముందొక సైజు, వెనకొక సైజా? ఎవడే నీకు బిగించింది? ఇన్నాళ్లూ నా షెడ్లో నా పక్కన కూర్చుని నేర్చుకున్నది ఇదేనా?

విను. మామూలు బండికి ముందు చక్రాలో వెనక చక్రాలో లాగుతాయి, మిగతా రెండూ ఊరికే దొర్లుతాయి. నీ బండిలో ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ మధ్యలో ఒక షాఫ్టు కలుపుతుంది. దాని మీద ఒక కప్లింగు ఉంటుంది. మలుపుల్లో వచ్చే కాస్త తేడాను అది సర్దుతుంది. కానీ వెనక చక్రం పెద్దదై, ముందుది చిన్నదైతే, చిన్నది రోడ్డు పొడవునా ఎక్కువసార్లు తిరగాలి. మలుపని లేదు, తిన్నని రోడ్డని లేదు, ప్రతి చుట్టులోనూ గొడవే. ఆ గొడవంతా వేడిగా మారి కప్లింగును కాల్చేస్తుంది. నేను అలా కాలిన కప్లింగులు విప్పాను. లోపలి పళ్లాలు నీలంగా మాడిపోయి ఉంటాయి, ఆ కంపు చొక్కాను వదలదు.

అది కాలిందంటే కొత్తది దొరకడానికి నెలలు పడుతుంది. అప్పటికి నా కంట్లో ఏం మిగులుతుంది? నీకు ఆడంబరం ముఖ్యమో, మావయ్య ముఖ్యమో తేల్చుకో. ఆ టైర్లు పీకేసేదాకా బండి కదపొద్దు.

నమ్మకపోతే చదునైన నేల మీద ముందు టైరు మీదా, వెనక టైరు మీదా, అవి నేలను తాకే చోట చాక్‌పీసుతో గీత గీయి. ఆ గీతలకు ఎదురుగా నేల మీద కూడా గీయి. బండిని సరిగ్గా ఒక చుట్టు తోసి, ఏ గీత ఎక్కడ దిగిందో నువ్వే చూసుకో.

మావయ్య

*

జూన్ 14

మావయ్యగారికి,

గారు అన్నానంటే కోపం వచ్చిందని అర్థం.

మీ ఉత్తరాన్ని కింద పోస్టాఫీసు నుంచి పైకి మోసుకొచ్చింది ఆ బండే. తపాలా సంచీ తెచ్చేది నేనే కదా. కొండంతా ఎక్కి, టీ పెట్టుకుని, విప్పి చదివితే అందులో ఏముంది? బండి కదపొద్దని! ఆ మాటను ఆ బండి మీదే తెచ్చుకున్నాను. ఇంకా నయం, దారిలో పేలిపోలేదు.

ఆడంబరం అన్నారు. ఆ మాట మాత్రం గుచ్చుకుంది. వచ్చేవాళ్లలో ఒక్కరు కూడా దారిలో ఆగిపోకూడదని పొద్దున్నే బండి కింద దూరి చూసుకునేదాన్ని నేను. షెడ్లో మీ పక్కన కూర్చుని నేర్చుకున్నది అదే.

అయినా మీ మాట తీసేయలేక, గుమ్మటం కింద సిమెంటు నేల మీద చాక్‌పీసుతో గీశాను. నేను తోస్తుంటే మేడం మోకాళ్ల మీద కూర్చుని చూసింది. ముందు గీత దిగింది. వెనక గీత దిగింది. మేడం నేల మీద రెండు దూరాలూ టేపుతో కొలిచి, మళ్లీ కొలిచి, నా ముఖంలోకి చూసింది. రెండూ ఒకటే! చిటికెనవేలి గోరంత తేడా కూడా కష్టం మీద కనబడుతోంది.

అసలు సంగతి ఇది. టైరు మీద మొదటి నంబరు వెడల్పు మాత్రమే. దాని పక్కన ఇంకో నంబరు ఉంటుంది, అది పక్కగోడ ఎత్తు. వెడల్పు పెరిగిన చోట ఈ రెండో నంబరు తగ్గించారు. అందుకే వెనకది లావు, కానీ ఎత్తు అంతే. తలుపు సందులో అంటించిన కాగితం మీద కూడా అవే నంబర్లు. కంపెనీవాళ్లే అలా తయారుచేశారు. నేను పెద్దవి అని రాశాను, వెడల్పైనవి అని రాయాల్సింది. రెండో నంబరు రాయలేదు. మీరు అడగనూ లేదు, అడిగే ముందే అరిచారు.

మీ మేనకోడలు

*

జూలై 2

బొంగరం తల్లీ,

గారు తీసెయ్. నా ఒంటికి పడదు.

నీ ఉత్తరాన్ని మా శిష్యుడి చేత చదివించుకున్నాను. మా షెడ్డు ఇప్పుడు చూసుకుంటున్నది వాడే, నీకు తెలుసుగా. సగం చదివి వాడు ఆగిపోయాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాకు వాడి చెవులే కనిపించాయనుకో. నా కాలంలో ఇలాంటి బండి మా షెడ్డుకు రాలేదు. వెడల్పు వేరు, గోడ వేరు, రెండూ కలిస్తే ఎత్తు ఒకటే! ఏ మహానుభావుడు కూర్చుని ఈ లెక్క వేశాడో గానీ, వాడి చేతులు కళ్లకద్దుకోవాలి. రెండు వేరువేరు చక్రాలు కొండంత దూరం పోయినా గోరంత తేడా లేకుండా అడుగు కలిపి నడవడమంటే మాటలా? రాత్రంతా అదే తలచుకుని మురిసిపోయాను.

ఆడంబరం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ టైర్ల జోలికి ఇక రాను.

కళ్లు అలాగే ఉన్నాయి. అలాగే అంటే కాస్త తక్కువ. డాక్టరు పక్కకు చూడ్డం అలవాటు చేసుకోమంటాడు. దొంగచూపులు చూసే వయసా ఇది? అక్టోబరు కోసం చూస్తున్నాను.

మావయ్య

*

సెప్టెంబరు 8

మావయ్యా,

వానలు అయిపోయాయి. పొద్దున మబ్బులు కాళ్ల కింద పరుచుకుంటున్నాయి, తలమీద ఒక్కటి లేదు. నీకోసం అద్దం తుడిచిపెట్టినట్టుంది ఆకాశం.

వానల్లో కొండచరియ రాయి ఒకటి జారి వెనక టైరు చీల్చేసింది. కింద ఊళ్లో వెనక జత రెండూ కొత్తవి వేయించాను. నువ్వు అరవకముందే రాస్తున్నాను, రెండో నంబరు కూడా చూశాను. రెండూ అచ్చు పాత నంబర్లే, పొల్లు పోలేదు. ముందువి మేలో వేసినవే నడుస్తున్నాయి. ఈ రాళ్లు వాటిని బాగా నమిలేశాయి గానీ ఇంకా పనికొస్తాయి. మలుపుల్లో బండి కాస్త బిగుసుకున్నట్టుంటోంది. కొత్త టైర్లు కదా, సర్దుకుంటాయి.

అక్టోబరు 5న కొండ కింద బస్టాండులో ఉంటాను. శాలువా తెచ్చుకో, అత్తయ్య చేత కట్టించిన మూటలు మాత్రం తగ్గించుకో.

నీ బొంగరం

*

సెప్టెంబరు 15

తల్లీ,

స్కెచ్ పెన్ను ఎండిపోయింది. నీ ఉత్తరం చదివి వినిపించి మీ అత్తయ్య ఊరెళ్లింది, శిష్యుడూ ఊళ్లో లేడు. ఆగితే లాభం లేదని మామూలు పెన్నుతో నేనే రాస్తున్నాను. వరుసలు కనిపించడం లేదు.

నీ టైర్ల జోలికి రానన్నాను. వస్తున్నాను. నంబరు ఒకటే, ఎత్తు ఒకటి కాదు. నంబరు చెప్పేది టైరు పుట్టినప్పటి ఎత్తు. నీ ముందు టైర్లు అరిగిపోయి పొట్టివయ్యాయి. వెనకవి నిన్న పుట్టాయి. మేలో నంబర్లు వేరైనా ఎత్తు కలిసింది. ఇప్పుడు నంబర్లు కలిసినా ఎత్తు తప్పింది. మలుపుల్లో బిగుసుకుంటోందన్నావే, అది సర్దుకోవడం కాదు, కొట్లాట. మళ్లీ చాక్‌పీసుతో గీసి చూడు. పైకి ఎక్కగానే కిందికి దూరి కప్లింగు దగ్గర చెయ్యి పెట్టి చూడు. కాలుతుంటే బండి ఆపెయ్. ఇది తేలేదాకా నేను రాను, నిన్నూ దాంట్లో తిరగనివ్వను.

మావయ్య

*

సెప్టెంబరు 24

మావయ్యా,

నీ ఉత్తరం చూసి కళ్ల నీళ్లు ఆగలేదు. వరుస మీద వరుస, దాని మీద ఇంకో వరుస. కాగితమంతా అల్లిక పడిపోయింది. ఎంత చూసినా నాకు దొరికినవి రెండే ముక్కలు. ఒకచోట చాక్‌పీసు. చివర్లో రాను.

రాకపోతే ఎలా మావయ్యా? కళ్లు అంతగా దిగిపోయాయా? ఇక చూసి లాభం లేదనుకున్నావా? మిగిలినంతలోనే చూద్దువుగాని. నిన్ను భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కిస్తాను. అంత ఆశపెట్టుకుని ఇప్పుడు ఇలా రాస్తావా? నువ్వు రాను అన్న మాట నేను చదవలేదనుకుంటున్నాను.

చాక్‌పీసు ఎందుకు గుర్తొచ్చిందో అర్థం కాలేదు. మన పోట్లాటను తలచుకుని నవ్వుకున్నావేమో. నీ ముచ్చట తీరాలని ఇప్పుడు కిందికెళ్లి గీసొస్తాను. ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను.

గీశాను. విను మావయ్యా.

ఒక్క చుట్టుకు వెనక దూరం ముందు దూరాన్ని దాటిపోయింది. రెండు వేళ్ల వెడల్పు! మేడం పక్కన కూర్చుని లెక్క కట్టింది. కింద ఊరి నుంచి పైకి వచ్చేసరికి ఆ రెండు వేళ్లూ కలిసి అరకిలోమీటరు దాటుతాయట. అరకిలోమీటరు తేడాను ఆ ఇనుప కడ్డీ ప్రతిరోజూ నోరు మూసుకుని మింగుతోంది. కింద దూరి చెయ్యి పెట్టాను. బండి ఆపి గంటైనా కప్లింగు పొయ్యిలా ఉంది. అరచెయ్యి వెంటనే తీసేశాను.

పైకొచ్చి నీ కాగితాన్ని మళ్లీ దీపం కింద పట్టుకున్నాను. ఏం రాసి ఉంటావో తెలిశాక అక్షరాలు వాటంతటవే విడిపోయాయి. మొత్తం చదివాను. ఇంతదూరంలో కూర్చుని, కళ్లు కనిపించకుండా, నా బండి కింద ఏం జరుగుతోందో చూశావు. నాకు భయం వేసింది, మొక్కాలనిపించింది కూడా.

బండి ఆపేశాను. ముందు జత కొత్తవి కావాలంటే నవంబరు దాటుతుందట. అప్పటికి శని కిందికి దిగిపోతూ ఉంటాడు, నీ కళ్లు సరేసరి. ఏం చేయను? ఈ ఉత్తరం కరెంటు లైన్‌మాన్ నడిచి దిగుతుంటే అతని చేతికిస్తున్నాను, నీ జవాబూ అతనే పైకి తెస్తాడు.

బొంగరం

*

సెప్టెంబరు 29

తల్లీ,

చెబుతున్నది నేను, రాస్తున్నది శిష్యుడు.

బుర్రలేనిదానా, పొట్టివాటిని సాగదీయలేం గానీ పొడుగువాటిని చెక్కొచ్చుగా! పాత టైర్లకు కొత్త రబ్బరు అంటించే రీట్రెడింగు షాపు మీ కింద ఊళ్లో తప్పక ఉంటుంది. వాళ్ల దగ్గర టైరును గుండ్రంగా తిప్పుతూ గీకే మిషను ఉంటుంది. వెనక కొత్త టైర్లను ముందువాటి ఎత్తుకు దించుదాం. మా షెడ్లో పందెం బండ్లకు చేసేవాళ్లం. కొత్త టైరును గీకడమేమిటని షాపువాడు నెత్తి కొట్టుకుంటాడు, కొట్టుకోనీ.

నువ్వు ఖాళీ బండితో నిదానంగా దిగు. దారిలో ఆగుతూ, చల్లారనిస్తూ దిగు. నేను 4న బయల్దేరుతున్నాను. వస్తానని మీ అత్తయ్య నా బదులు ఒట్టేసింది.

మావయ్య

అక్కా, రాసేవాణ్ణి నేను. ఆయన పొద్దుటినుంచీ షెడ్లో కళ్లు మూసుకుని టైర్లు తడుముతున్నారు. ఇది కొత్తది, ఇది సగం అరిగింది, ఇది ఎడమవైపు అరిగింది అని చెబుతున్నారు. నేను గేజి పెట్టి చూస్తున్నాను. ఇంతవరకూ తప్పలేదు.

*

అక్టోబరు 16

మావయ్యా,

క్షేమంగా చేరావని అత్తయ్య కార్డు రాసింది. అందులో నీ మాట ఒక్క ముక్క కూడా లేదు.

నీకు నువ్వు కనిపించవు కాబట్టి నేను చూసింది చెబుతున్నాను. ఆ షాపులో మిషను తిరుగుతోంది, రబ్బరు పొట్టు నల్లటి వానలా రాలుతోంది. మిషను ఆపిన ప్రతిసారీ నువ్వు కళ్లు మూసుకుని అరచేత్తో టైరు చుట్టూ తడిమి, "ఇంకొంచెం," అన్నావు. షాపాయన మొదట్లో నవ్వాడు. తర్వాత నవ్వలేదు. చివరికి "చాలు," అన్నావు. బిగించి, చాక్‌పీసుతో గీసి తోస్తే రెండు దూరాలూ ఒకటే! షాపాయన నీ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. కొండెక్కాక నేను కప్లింగు మీద చెయ్యి పెట్టాను, గోరువెచ్చగా ఉంది. నా మావయ్య అని అందరికీ చెప్పుకోవాలనిపించింది.

కానీ ఆ తర్వాతి సంగతే నన్ను తినేస్తోంది. నువ్వు నిచ్చెన ఎక్కి కన్ను పెట్టావు. చాలాసేపు కదల్లేదు. మేడం నీ చెవిలో ఏదో చెప్పింది. దిగొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నావు. బస్సు ఎక్కేటప్పుడు నా తల నిమిరావు, అంతే. అడగడానికి నాకు నోరు రాలేదు.

కనిపించలేదా మావయ్యా? ఆలస్యమైపోయిందా? నన్ను బాధపెట్టకూడదని ఊరుకున్నావా? ఉన్నదున్నట్టు రాయి. తట్టుకుంటాను.

నీ బొంగరం

*

అక్టోబరు 25

బొంగరం తల్లీ,

మీ అత్తయ్య కాగితం మీద బొగ్గులాంటి గీతలు గీసిచ్చింది. వాటి మధ్యలో నేనే రాస్తున్నాను. వరుసలు తప్పలేదు చూశావా?

మొదట ఏమీ కనిపించలేదు. శని ఉండాల్సిన చోట నా కంట్లో ఉండే బూడిదరంగు మచ్చే ఉంది. ఇంత దూరం వచ్చి, ఇంత చేసి, దీన్నా చూస్తున్నాను అనుకున్నాను. అప్పుడు మీ మేడం చెవిలో చెప్పింది. "సూటిగా చూడకండి బాబాయ్‌గారూ. మసకగా ఉండేవాటిని మేమందరం పక్కచూపుతోనే చూస్తాం. చూపు కాస్త అవతలికి జరిపి ఆగండి."

జరిపాను. ఆగాను. అది పక్కనుంచి తేలుకుంటూ వచ్చింది.

ఎంత చిన్నదే! గోరంత కూడా లేదు. చుట్టూ చక్రం. నేను దాని ఇరుసు కోసం వెతికాను, నవ్వకు, అలవాటు. ఇరుసు లేదు. ఏదీ దాన్ని పట్టుకోలేదు. ఆ వలయం ఒకే పలక కాదట, లెక్కలేనన్ని మంచుముక్కలట. లోపలివి జోరుగా, బయటివి నిదానంగా, ఎవరి దారిన అవి తిరుగుతున్నాయట. మనం రెండు వేళ్ల తేడాకు అంత హైరానా పడ్డాం. అక్కడ ప్రతి ముక్కదీ వేరే వేగమే, ఒకదాన్నొకటి లాగే షాఫ్టు లేదు, కొట్లాట లేదు, వేడి లేదు. నా జన్మలో అంత బాగా బిగించిన చక్రం చూడలేదు. అసలు బిగించనే లేదు!

మాట్లాడకపోవడం నీ మీద ఏదో పెట్టుకుని కాదు తల్లీ. నోరు తెరిస్తే ఒలికిపోతుందేమోనని ఇంటిదాకా పట్టుకొచ్చాను.

డాక్టరు కూడా మేడం చెప్పిందే చెప్పాడు, పక్కకు చూడమని. అప్పుడు పౌరుషం వచ్చి వినలేదు. ఇప్పుడు రోజూ అలవాటు చేసుకుంటున్నాను. నిన్న పొద్దున మీ అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి ఏదో తరుగుతోంది. నేను సూటిగా చూడలేదు. చూపు కిటికీ అంచు మీదికి జరిపి ఆగాను. ఆవిడ పక్కనుంచి మెల్లగా వచ్చింది. "ఏంటలా చూస్తున్నారు?" అంది.

ముక్కు అక్కడే ఉందే. దాని మీద కోపం కూడా.

నీ మావయ్య